లెక్క వచ్చు, మార్కు రాదు: నవోదయ, సైనిక్ స్కూల్ పరీక్షలపై మీ ప్రశ్నలు

ఈ నెల తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు నాలుగు, ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు రాసినవే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా పాప మా పల్లెలోని మండల పరిషత్ బడిలో నాలుగో తరగతి చదువుతోంది. నవోదయ రాయించాలని మా ఆశ. ఐదో తరగతికి తిరుపతిలో ప్రైవేటు స్కూల్లో వేసి, అక్కడే కోచింగ్ ఇప్పించమని చుట్టాలంతా చెబుతున్నారు. చేర్చమంటారా?
– ఒక తండ్రి, చంద్రగిరి మండలం

జవాబు: చేర్చొద్దండి. నవోదయ అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే గురుకుల విద్యాలయం. అందులో ఆరో తరగతికి ఉండేవి గరిష్ఠంగా 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతాల పిల్లలకే. ఆ కోటా కిందికి రావాలంటే 3, 4, 5 తరగతులు మూడూ పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని బడిలోనే చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ ప్రాంతపు బడిలో చదివినా పాపను పట్టణ అభ్యర్థిగానే లెక్కేస్తారు. ఇల్లు పల్లెలోనే ఉంది కదా అంటే కుదరదు, చూసేది బడి ఉన్న చోటు. మంచి చదువు కోసమని తిరుపతికి మార్చి, ఉన్న హక్కు పోగొట్టుకుంటారు. మీ బడి గ్రామీణమా పట్టణమా అన్నది ప్రధానోపాధ్యాయులనే అడిగి తెలుసుకోండి, దరఖాస్తుతో పెట్టే ధ్రువపత్రం మీద సంతకం చేసేది ఆయనే. తిరుపతి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఈ సంగతి ముందే తేల్చుకోవడం చాలా అవసరం.

ఏ నవోదయకు అన్నది ఇంకో చిక్కు. పిల్లలు ఏ జిల్లాలో నివాసం ఉండి ఐదో తరగతి చదువుతుంటారో ఆ జిల్లా నవోదయకే రాయాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడింది. జిల్లా విడిపోయి, కొత్త జిల్లాలో నవోదయ ఇంకా పెట్టకపోతే పాత జిల్లా హద్దులే వర్తిస్తాయి. అందువల్ల పాత చిత్తూరు జిల్లా మండలాలవాళ్లకు మదనపల్లె దగ్గరి వలసపల్లె నవోదయ వస్తుంది. నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు వాళ్లు పాత నెల్లూరు జిల్లా కిందికి వస్తారు. ఫారం నింపేటప్పుడు జిల్లా, మండలం ఎంచుకున్నాక ఏ విద్యాలయం పేరు కనిపిస్తోందో చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

దరఖాస్తుకు రుసుము లేదు. జూన్, జూలై నెలల్లో నవోదయ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. బడి తెరిచిన వారంలోనే ధ్రువపత్రం నింపించుకుని పెట్టుకుంటే చివరి రోజు నెట్ సెంటర్లో నిలబడే పని తప్పుతుంది. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయేమో నాలుగో తరగతిలోనే సరిచూడండి. ఏటా పుట్టిన తేదీకి పరిమితి ఉంటుంది. 2026-27 ప్రవేశాలకు 2014 మే 1 నుంచి 2016 జూలై 31 మధ్య పుట్టినవాళ్లు అర్హులు. ఒక్క నెల తేడాతో ఆగిపోయే పిల్లలు ఏటా ఉంటారు.

ప్రశ్న: మా బాబు బడిలో లెక్కల్లో ఫస్టు. నవోదయ మాక్ టెస్టు పెడితే మాత్రం 20 లెక్కల్లో 11 దాటడం లేదు. ట్యూషన్ మార్చాలా?
– ఒక తల్లి, పుత్తూరు

జవాబు: మార్చే ముందు ఒక పని చేయండమ్మా. అయిపోయిన మాక్ పేపర్లు మూడు తీసి, తప్పుపోయిన ప్రతి లెక్కనూ బాబు చేత పైకి చదివించండి. చేతికి పెన్ను ఇవ్వకండి. ‘ఏం అడిగారు నాన్నా?’ అని మాత్రం అడగండి. ప్రశ్నను సొంత మాటల్లో సరిగా చెప్పలేకపోతే దాని పక్కన ‘చ’ అని రాయండి, అంటే చదవడంలో పొరపాటు. సరిగా చెప్పి, ఎలా చేయాలో తెలియకపోతే ‘రా’, అంటే లెక్క రాలేదు. చేసే దారి కూడా చెప్పి, కూడికలోనో గుణకారంలోనో తప్పితే ‘గు’. బడిలో ఫస్టు వచ్చే పిల్లల పేపర్లలో ‘చ’లే ఎక్కువ ఉంటాయి. బడి పరీక్షలో ఏ పాఠం లెక్కో ముందే తెలుస్తుంది. ఇక్కడ అన్నీ కలిపేసి ఇస్తారు కాబట్టి అది పిల్లవాడే పోల్చుకోవాలి.

ఒక లెక్క చూడండి. మూడు ట్యాంకుల్లో 36, 60, 84 లీటర్ల పాలు ఉన్నాయి. మూడింటినీ మిగలకుండా కొలవగల అతి పెద్ద పాత్ర ఎన్ని లీటర్లది? మూడు సంఖ్యలు కనబడగానే పిల్లలు గబగబా క.సా.గు. మొదలుపెడతారు. 1260 వస్తుంది. పేపరు తయారుచేసేవాళ్లకు ఈ తొందర తెలుసు కాబట్టి ఇచ్చిన నాలుగింటిలో 1260 కూడా పెడతారు. అది కనబడగానే మనవాడికి ధైర్యం వచ్చి గుర్తు పెట్టేస్తాడు. 1260 లీటర్ల పాత్రతో 36 లీటర్ల పాలు ఎలా కొలుస్తావురా అని అడిగితే వెంటనే నాలుక కరుచుకుంటాడు. అడిగింది గ.సా.భా., జవాబు 12. జవాబు రాగానే దాన్ని తిరిగి ప్రశ్నలో పెట్టి చూసే అలవాటు ఒక్కటి పడితే ఇలాంటి తప్పులు చాలావరకు పోతాయి.

కాలం లెక్కలు ఇంకో గుంట. తిరుపతిలో 9:45కు బయలుదేరిన బస్సు చిత్తూరుకు 11:20కి చేరితే ప్రయాణం ఎంతసేపు? పిల్లలు 11.20లోంచి 9.45 తీసేసి 1.75 తెచ్చుకుంటారు, గంటా 75 నిమిషాలని రాస్తారు. గంటకు 60 నిమిషాలని తెలియక కాదు, చెయ్యి దశాంశాలకు అలవాటు పడిపోయి. ఇలాంటి లెక్కను తీసివేతతో కాకుండా అంచెలుగా చేయించండి: 9:45 నుంచి 10కి 15 నిమిషాలు, 10 నుంచి 11కి గంట, ఆపైన 20 నిమిషాలు. మొత్తం గంటా 35 నిమిషాలు. తప్పడానికి చోటే ఉండదు.

చుట్టుకొలత లెక్కల్లో బొమ్మ గీయకుండా చేయనివ్వకండి. 24 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న స్థలం చుట్టూ 3 మీటర్లకు ఒక రాతికూసం పాతాలి. ఎన్ని కూసాలు? చుట్టుకొలత 78 మీటర్లు, మూడుతో భాగిస్తే 26. ‘ఒకటి కలపాలి’ అని ఎక్కడో నేర్చుకున్నవాడు 27 పెడతాడు. ఒకటి కలపాల్సింది తిన్నని గీత మీద, రెండు కొనల్లోనూ కూసం ఉన్నప్పుడు. చుట్టూ తిరిగి మొదటికే వచ్చేచోట మొదటి కూసమే చివరిది కూడా. సూత్రాన్ని బట్టీ పట్టించి వదిలేస్తే జరిగేది ఇదే.

‘గు’లు ఎక్కువ ఉంటే మందు వేరే. ఎక్కాలు 20 వరకు తడుముకోకుండా రావాలి. 1/4 అంటే 0.25, 3/4 అంటే 0.75, 1/8 అంటే 0.125 అని చూడగానే తట్టాలి. రోజుకు పది నిమిషాలు నోటితో చెప్పించండి, చాలు. 0.4 ను 0.3 తో గుణిస్తే 0.12 బదులు 1.2 అనే పిల్లవాడికి, సగం కన్నా తక్కువలో మూడో వంతు కూడా లేనిది ఒకటి కన్నా పెద్దది ఎలా అవుతుందని అడగండి. దశాంశ బిందువు ఎక్కడ పడాలో వాడికే తెలుస్తుంది.

నెల రోజులు ఇలా చూసి, ‘రా’లు ఒకే అధ్యాయంలో గుంపుగా ఉంటే ఆ అధ్యాయాన్ని బడి పుస్తకంలోంచే మళ్లీ చెప్పించండి. ట్యూషన్ మార్చే ఆలోచన ఆ తర్వాత చేయవచ్చు.

ప్రశ్న: బొమ్మల ప్రశ్నలు పుట్టుకతో వచ్చే తెలివిని బట్టి ఉంటాయంటారు, సాధనతో వస్తాయా? మా పిల్లకు అద్దంలో బొమ్మ, కాగితం మడత అస్సలు అందడం లేదు.
– పలమనేరు

జవాబు: వస్తాయి. పేపర్లో సగం మార్కులు ఇక్కడే ఉన్నాయి కాబట్టి వదిలేయడానికీ లేదు. నవోదయ పరీక్షలో మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో మానసిక సామర్థ్యానికి 40 ప్రశ్నలు, 50 మార్కులు. లెక్కలకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాషకూ అంతే. మానసిక సామర్థ్యంలో పది రకాల బొమ్మలు, రకానికి నాలుగు ప్రశ్నలు. పది రకాలూ ముందే తెలిసినవే కనుక శ్రద్ధగా కూర్చున్న పిల్లలకు మూడు నాలుగు నెలల్లో ఇక్కడ బాగా పెరుగుతుంది.

చాలామంది చేసే పొరపాటు, ముందే గైడు పుస్తకం చేతికివ్వడం. కాగితం మడత ప్రశ్నకు నిజం కాగితమే ఇవ్వండి. చదరంగా కత్తిరించిన పాత నోట్‌బుక్ కాగితాన్ని ఎడమ నుంచి కుడికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి మడిచి, ఒక మూలకు దగ్గరగా పెన్సిల్ మొనతో చిల్లు పెట్టించండి. విప్పే ముందు ఎన్ని చిల్లులు, ఎక్కడెక్కడ ఉంటాయో వేరే కాగితం మీద చుక్కలు పెట్టమనండి. అప్పుడు విప్పి పోల్చండి. నాలుగు చిల్లులు వస్తాయి. విప్పడం చివరి మడత నుంచి వెనక్కి సాగాలి, ఒక్కో మడత విప్పినప్పుడల్లా మడత గీతకు అవతల అంతే దూరంలో ఇంకో చిల్లు పుడుతుంది. ఒక మూల మాత్రమే మడిచిన కాగితంలో చిల్లు ఒంటిపొర ఉన్నచోట పడితే అది ఒకటిగానే ఉంటుంది. పిల్లలు తప్పేది ఇక్కడే, అలవాటుగా రెట్టింపు చేసేస్తారు. ఇలా ఓ ముప్పై నలభై కాగితాలు పాడుచేశాక పుస్తకం తెరవండి. అప్పుడు బొమ్మ చూస్తుంటే చేతికి కాగితం తగిలినట్టే ఉంటుంది.

అద్దానికి అద్దమే మేలు. చిన్న చేతి అద్దాన్ని బొమ్మ పక్కన నిలువుగా పెట్టి చూపించండి. కుడి ఎడమలు మారతాయి, పైకిందులు మారవు. ఈ ఒక్క ముక్క నోటితో చెప్పించాలి. గడియారం బొమ్మ వస్తే 11:60లోంచి తీసేయడమే: 3:20 అద్దంలో 8:40గా కనబడుతుంది.

అసలు తికమక పెట్టేది తిప్పిన బొమ్మకూ తిరగేసిన బొమ్మకూ తేడా. భిన్నమైనదాన్ని కనిపెట్టే ప్రశ్నల్లో నాలుగు బొమ్మలూ ఒకలాగే ఉంటాయి. మూడు తిప్పినవి, ఒకటి తిరగేసినది. అట్టతో ఒక కాలు పొట్టిగా, ఒక కాలు పొడుగ్గా ఉండే మూలమట్టం ఆకారం కత్తిరించి, ఒకవైపు రంగు పూయండి. బల్ల మీద ఎన్నివైపులా తిప్పినా రంగు పైనే ఉంటుంది. రంగు కిందికి పోతేనే గానీ సరిపోలని బొమ్మ, అదే వేరు. మిగతావాటిలో గీతలెన్ని, మూలలెన్ని, బాణం ఎటు, నలుపు ఎంత, ఆకారం మూసి ఉందా తెరిచి ఉందా అని ఎప్పుడూ ఒకే వరుసలో చూసే అలవాటు చేయండి. వరుస లేకుండా చూసే పిల్లవాడు అదే బొమ్మను నాలుగుసార్లు చూసి కాలం పోగొట్టుకుంటాడు.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం. పరీక్ష ఏ భాషలో రాయించాలి?
– శ్రీకాళహస్తి, తిరుచానూరు, నగరి నుంచి పలువురు

జవాబు: దీనికి ఊహ కన్నా ఒక చిన్న పరీక్ష మేలు. బడి పుస్తకాల్లో ఒక పక్క పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్నవి ఉంటాయి. పాప ఇంతకుముందు చదవని పాఠం తెలుగులో ఒక పేజీ, వేరే పాఠం ఇంగ్లిష్‌లో ఒక పేజీ ఇచ్చి, ఒక్కోదానికి పదేసి నిమిషాల్లో ఐదేసి ప్రశ్నలకు జవాబులు రాయించండి. వారం పాటు చేయండి. ఎందులో తప్పులు తక్కువో అదే భాష. మాట్లాడటం వచ్చిన భాషా, చదివి అర్థం చేసుకోగలిగే భాషా ఒకటే కావాలని లేదు. తెలుగు గలగలా మాట్లాడుతూ, ఒత్తులు వచ్చేసరికి కూడబలుక్కుని చదివే పిల్లలు ఇంగ్లిష్ మీడియం బళ్లలో చాలామంది ఉన్నారు. అలాంటి పాప తెలుగు పేపరు తీసుకుంటే భాష ఒక్కటే కాదు, లెక్కల ప్రశ్నలు చదవడానికీ ఆలస్యమవుతుంది. దరఖాస్తులో ఏ భాష పెడితే ఆ భాష పేపరే చేతికొస్తుంది, హాల్లో మార్చరు. దరఖాస్తుల గడువు ముగిశాక సవరణలకు ఇచ్చే కొద్ది రోజుల్లో మాత్రం మార్చుకోవచ్చు.

భాషలో నాలుగు గద్యభాగాలు, ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు. వ్యాకరణం బట్టీ పట్టించడం కన్నా రోజూ ఒక పేజీ కొత్త విషయం చదివించడం మేలు. కథలే కాదు, పండ్ల మీదో రైళ్ల మీదో రాసిన వ్యాసాలు కూడా. చదివాక ‘ఈ సంగతి ఏ వాక్యంలో ఉంది?’ అని వేలు పెట్టి చూపించమనండి. తమకు ముందే తెలిసినదాన్ని బట్టి జవాబు పెట్టడం పిల్లల బలహీనత. గద్యభాగంలో లేని మాట నిజమే అయినా అక్కడ అది తప్పు జవాబే.

ప్రశ్న: నవోదయకు చదివిందే కలికిరి సైనిక్ స్కూల్‌కు సరిపోతుందా?
– తిరుపతి

జవాబు: సగం సరిపోతుంది. సైనిక్ స్కూల్ ఆరో తరగతి పేపరు 300 మార్కులు, 125 ప్రశ్నలు, 150 నిమిషాలు. అందులో లెక్కలే 50 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కుల చొప్పున 150. మేధాశక్తి, భాష, జనరల్ నాలెడ్జ్ 25 ప్రశ్నల చొప్పున, ప్రశ్నకు 2 మార్కులు. తెలుగులోనూ రాయవచ్చు, చేరాక చదువు మాత్రం ఇంగ్లిష్‌లోనే. లెక్కల్లో నిష్పత్తి, సగటు, బారువడ్డీ, వేగం, ఘనపరిమాణం, సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి మార్చడం లాంటివి నవోదయకు చదివినదానికి పైన చదవాలి. 35 డిగ్రీల సెల్సియస్ అంటే 95 ఫారెన్‌హీట్. తొమ్మిదితో గుణించి, ఐదుతో భాగించి, 32 కలపడం. పిల్లలు 32 ముందే కలిపేసి చెడగొట్టుకుంటారు.

ఇంకో తేడా: ఎస్సీ, ఎస్టీ పిల్లలకు తప్ప మిగతావాళ్లకు ప్రతి విభాగంలో 25 శాతం, మొత్తం మీద 40 శాతం రావాలి. లెక్కల్లో 141 తెచ్చుకున్న పిల్లవాడు జనరల్ నాలెడ్జ్‌లో ఆరు ప్రశ్నలకే జవాబు పెడితే 12 మార్కులు, కావలసింది 12.5. అక్కడితో ఆగిపోతాడు. అందుకని జీకేని చివరి నెలకు వదలకండి. రోజుకు ఐదు సంగతులు, దేశపటం ముందు పెట్టుకుని. దగ్గరివాటి నుంచి మొదలుపెడితే పిల్లలకు గుర్తుంటాయి: శ్రీహరికోట, అక్కడి నుంచి 2023 జూలై 14న వెళ్లిన చంద్రయాన్-3, పక్కనే పులికాట్ సరస్సు. త్రివిధ దళాల హోదాలు, చిహ్నాలు తప్పక చెప్పించండి.

వయసు, ప్రవేశం పొందే ఏడాది మార్చి 31 నాటికి 10, 12 ఏళ్ల మధ్య ఉండాలి. ఆడపిల్లలూ రాయవచ్చు. రాతపరీక్ష తర్వాత వైద్య పరీక్ష ఉంటుంది కాబట్టి, ఏడాది ముందే పిల్లల కళ్లు, చెవులు డాక్టరుకు చూపించండి. బోర్డు కనబడక వెనకబడిన పిల్లల సంగతి కూడా అక్కడే బయటపడుతుంది. నవోదయలా ఇది ఉచితం కాదు, ఏటా ఫీజు ఉంటుంది. ఆ లెక్క ఇంట్లో ముందే చూసుకోండి.

ప్రశ్న: ఇంట్లో అన్నీ చేస్తాడు, ఓఎంఆర్ షీట్ ఇస్తే గందరగోళం. సమయమూ చాలడం లేదు.
– చిత్తూరు

జవాబు: ఇంట్లో ఓఎంఆర్ మీద, అంటే వృత్తాలు నింపే జవాబు పత్రం మీద, రాయించకపోవడమే కారణం. నమూనా షీట్లు జిరాక్స్ తీయించి, ప్రతి మాక్ టెస్టునూ దాని మీదే, నీలం లేదా నల్ల బాల్ పెన్నుతోనే రాయించండి. పెన్సిల్ అలవాటు చేయకండి. దిద్దడానికి వీల్లేదన్న సంగతి చేతికి తెలియాలి.

జరిగే పెద్ద ప్రమాదం వరుస జారడం. 14వ ప్రశ్న రాక వదిలేసి, 15 జవాబును 14 ఎదురుగా నింపుతాడు. అక్కడి నుంచి అన్నీ ఒక గడి పైకి పోతాయి. ఎడమ చేతి వేలిని షీటు మీద ప్రశ్న సంఖ్య దగ్గర పెట్టి, పెదవి కదిపి ‘15, సి’ అనుకుని నింపమనండి. ప్రశ్నపత్రంలో ఒక పేజీ అయిపోగానే ఆ పేజీ జవాబులు నింపేయాలి. అన్నీ చివర్లో నింపుతానంటే ఒక్కో వృత్తానికి ఐదారు సెకన్లు వేసుకున్నా 80 వృత్తాలకు ఏడెనిమిది నిమిషాలు, అదీ చెయ్యి వణికే సమయంలో.

నవోదయ రెండు గంటలను ఇలా పంచండి: బొమ్మలకు 45 నిమిషాలు, లెక్కలకు 35, భాషకు 25, మిగిలిన 15 వదిలేసినవాటికి. ఒక్క లెక్క మీద రెండు నిమిషాలు దాటితే పక్కన చుక్క పెట్టి ముందుకు పోవాలి. బాగా చదివే పిల్లలకే ఇది కష్టం, రాని లెక్కను వదలడానికి వాళ్లకు మనసొప్పదు. ఇంట్లో గడియారం పెట్టి వదిలించడం నేర్పాలి. తప్పుకు మార్కు కోత లేదు, రెండు పరీక్షల్లోనూ. కాబట్టి చివరి ఐదు నిమిషాల్లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉంచకూడదు.

ప్రశ్న: రోజుకు ఎన్ని గంటలు చదివించాలి?
– కుప్పం

జవాబు: బడి కాక గంటన్నర, ఆదివారం ఒక మాక్ టెస్టు. ఆ టెస్టును దిద్దుకోవడానికి రాసినంత సమయం ఇవ్వాలి, అదే అసలు చదువు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టే పద్ధతి పదేళ్ల పిల్లలకు పనికిరాదు. తొమ్మిది గంటల నిద్ర లేని పిల్లవాడు ప్రశ్నను సగం చదివి జవాబు పెడతాడు. కొట్టి చదివిస్తే, తప్పు చేసిన లెక్కను దాచేయడం నేర్చుకుంటాడు. అది దాచాక మనం దిద్దేదేమీ ఉండదు.

ప్రశ్న: ఒకసారి రాకపోతే మళ్లీ రాయవచ్చా?
– శ్రీకాళహస్తి

జవాబు: నవోదయ ఆరో తరగతికి ఒక్కసారే. రెండోసారి రాయడానికి అర్హత లేదు. తొమ్మిదో తరగతిలో ఖాళీ సీట్లకు వేరే పరీక్ష ఉంటుంది. సైనిక్ స్కూల్‌కు వయసు దాటనంతవరకు మళ్లీ రాయవచ్చు. మీ మండలంలో ఏపీ మోడల్ స్కూల్ ఉంటే దాని ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు కూడా దరఖాస్తు చేసి ఉంచండి. అది ఐదో తరగతి పాఠాల మీదే కాబట్టి కొత్తగా చదవాల్సింది పెద్దగా ఉండదు.